కొత్త నత్త జీనోమ్‌లో 46 వేల జన్యువులు తేలాయి: వేటిని ఉంచాలి, వేటిని తీసేయాలి?

శంబూకం:

నమస్కారం అందరికీ. ఒక మంచినీటి నత్త జీనోమ్ మీద పని చేస్తున్నాను. ఈ జాతిని ఇంతవరకు ఎవరూ సీక్వెన్స్ చేయలేదు. హైఫై రీడ్లు (పొడవైన, కచ్చితమైన డీఎన్‌ఏ రీడ్లు), హై-సీ డేటాతో (ఏ ముక్క దేనికి దగ్గరో చూపేది) అసెంబ్లీ, అంటే రీడ్లను అతికించి కట్టిన జీనోమ్, క్రోమోజోమ్‌ల స్థాయికి వచ్చింది, సైజు 1.1 గిగాబేస్‌లు. నా అసలు ఆసక్తి గుల్ల మీద. మాంటిల్ (గుల్ల లోపలి వైపు ఉండే మెత్తని పొర) అంచున ఏయే జన్యువులు పనిచేస్తే గుల్ల తయారవుతుందో తేల్చాలి. దానికి ముందు నమ్మదగిన జన్యువుల జాబితా ఒకటి చేతిలో ఉండాలి కదా, అక్కడే ఆగిపోయాను.

ఇంతవరకు చేసింది: రిపీట్‌మోడలర్‌తో రిపీట్ల (జీనోమ్‌లో మళ్లీ మళ్లీ వచ్చే వరుసల) లైబ్రరీ తయారుచేసి రిపీట్‌మాస్కర్‌తో సాఫ్ట్‌మాస్క్ చేశాను, అంటే వాటిని చెరపకుండా చిన్న అక్షరాలతో గుర్తు పెట్టాను. జీనోమ్‌లో సగానికి పైగా రిపీట్లే. పాదం, మాంటిల్, జీర్ణగ్రంథి, ఈ మూడింటి నుంచి ఆర్‌ఎన్‌ఏ-సెక్ (ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూపే ఆర్‌ఎన్‌ఏ రీడ్లు) ఉంది. మాంటిల్‌కి ఐసో-సెక్ (పూర్తి పొడవు ఆర్‌ఎన్‌ఏ రీడ్లు) కూడా ఉంది. వీటితోపాటు ఆర్థోడీబీ డేటాబేస్‌లోని జంతు ప్రొటీన్లు ఇచ్చి, జన్యువులను వెతికే బ్రేకర్3 ప్రోగ్రామ్ నడిపాను. ఏదీ జారిపోకూడదని ఆగస్టస్ అనే ప్రోగ్రామ్ సొంతంగా ఊహించిన జన్యు మోడళ్లన్నిటినీ కూడా దానికి కలిపాను. మొత్తం 46 వేల పైచిలుకు వచ్చాయి. వాటిలో మూడోవంతు ఒకే ఎక్సాన్ (జన్యువులో ఇంట్రాన్లు తీసేశాక మిగిలే ముక్క) ఉన్నవి. బస్కో (జంతువులన్నిటిలో ఉండాల్సిన జన్యువులు ఎన్ని దొరికాయో చూసే ప్రోగ్రామ్) జీనోమ్ మీద నడిపితే 96 శాతం, ఎనోటేషన్ (గుర్తించిన జన్యువుల జాబితా) ప్రొటీన్ల మీద నడిపితే 91 శాతం. ప్రొటీన్ల దగ్గర డూప్లికేట్లు కూడా ఎక్కువగా కనిపిస్తున్నాయి.

మా గైడ్ గారు "స్విస్-ప్రొట్ ప్రొటీన్ డేటాబేస్‌లో పోలిక ఉన్నవి ఉంచు, మిగతావి తీసెయ్, సంఖ్య దానంతటదే దిగుతుంది" అంటున్నారు. అలా చేస్తే సంఖ్య 20 వేల దగ్గరికి దిగుతోంది, చూడటానికి బాగుంది. కానీ మాంటిల్‌లో బాగా వ్యక్తమవుతున్న మోడళ్లు కొన్ని ఆ వడపోతలో ఎగిరిపోతున్నాయి. ఐసో-సెక్ రీడ్లు వాటి మీద మొదటి నుంచి చివరిదాకా పరుచుకుని ఉన్నాయి, అయినా సరే పోతున్నాయి. ఏం చేయాలో చెప్పగలరా?

ఎక్సాన్ కాపరి:

శంబూకం గారూ, మీ అనుమానం సరైనది. ఆ వడపోత పెట్టకండి. మీరు ఏ జన్యువుల కోసం ఈ జీనోమ్ చేశారో ముందు అవే పోతాయి. గుల్లలో ఉండే ప్రొటీన్లు చాలా వేగంగా మారతాయి. ఒక నత్తకీ మరో నత్తకీ మధ్యే గుర్తుపట్టలేనంత తేడా ఉండవచ్చు. వాటిలో చాలావాటిలో గ్లైసిన్ లాంటి ఒకటి రెండు అమైనో ఆమ్లాలే మళ్లీ మళ్లీ వస్తాయి. స్విస్-ప్రొట్‌లో వాటికి పోలిక దొరకకపోతే ఆశ్చర్యం లేదు. పోలిక లేకపోవడం అంటే మన దగ్గర ఉన్న పాత జాబితాలో ఆ ప్రొటీన్ లేదని మాత్రమే. ఆ నత్తలో అది లేదని కాదు. తిరగేసి చూసినా అంతే: ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ చేసే రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్‌కి డేటాబేస్‌లలో పోలికలు కుప్పలుగా ఉంటాయి, కానీ మీ మోడళ్లలో కనిపించేది దాదాపు ఎప్పుడూ ట్రాన్స్‌పోజాన్‌దే, అంటే జీనోమ్‌లో చోట్లు మారుతూ పెరిగే డీఎన్‌ఏ ముక్కదే.

కాబట్టి నేను ప్రతి మోడల్‌నూ అడిగే ప్రశ్న ఒకటే: ఈ నత్తలో దీనికి ఆధారం ఏమిటి? స్ప్లైస్ జంక్షన్‌ను (రెండు ఎక్సాన్లు అతికే చోటును) దాటిన రీడ్లు ఉన్నాయా, పూర్తి పొడవు ట్రాన్‌స్క్రిప్ట్ ఉందా, దగ్గరి జాతి ప్రొటీన్ ఇక్కడ అతుకుతోందా? మూడింటిలో ఒక్కటి గట్టిగా ఉన్నా నాకు చాలు. ఏదీ లేకపోతే అది ప్రోగ్రామ్ ఊహ. మీరు కలిపిన ఆగస్టస్ మోడళ్లలో ఎక్కువ భాగం ఈ చివరి రకంవే అయి ఉంటాయి. ముందు ఆ కలపడం మానేసి, బ్రేకర్3 ఒక్కదాని ఫలితం ఎంతుందో చూడండి.

సంఖ్య గురించి బెంగ పెట్టుకోకండి. మొలస్కాలలో ఇంతవరకు ప్రచురించినవి చూడండి: 2017లో బయోంఫాలేరియా గ్లబ్రాటా నత్తకి 14 వేల పైచిలుకు, 2018లో పోమేసియా కెనాలిక్యులేటా నత్తకి దాదాపు 21,500, 2012లో పసిఫిక్ ఆల్చిప్పకి 28 వేలు, 2015లో కాలిఫోర్నియా టూ-స్పాట్ ఆక్టోపస్‌కి 33 వేల పైచిలుకు. ఈ తేడాలో కొంత నిజం, కొంత పద్ధతుల వల్ల వచ్చింది. డాఫ్నియా పులెక్స్ అనే చిన్న నీటి జీవి సంగతి ఇంకా స్పష్టం. 2011లో దాని జన్యువులు కనీసం 30,907 అన్నారు. 2017లో మరో అసెంబ్లీ చేసి కొత్తగా ఎనోటేట్ చేస్తే 18,440 తేలాయి. "ఈ జాతిలో జన్యు కుటుంబాలు విస్తరించాయి" అని రాసే ముందు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంటే చాలు.

ఇప్పుడు మాస్కింగ్. మీ సమస్యకు మూలం ఇక్కడే ఉందని నా అంచనా. రిపీట్‌మోడలర్ ఇచ్చే లైబ్రరీలో పేరు తెలియని కుటుంబాలు చాలా ఉంటాయి. వాటిలో నిజమైన ట్రాన్స్‌పోజాన్లు ఉంటాయి, జంతువు సొంత జన్యువుల ముక్కలూ ఉంటాయి. జీనోమ్‌లో ఎక్కువ కాపీలుంటే చాలు, ఆ ప్రోగ్రామ్ దాన్ని రిపీట్ అనుకుంటుంది. ఆ ఆక్టోపస్‌లో సీ2హెచ్2 జింక్ ఫింగర్ జన్యువులు దాదాపు 1,800 ఉన్నాయి. అలాంటి కుటుంబాన్ని రిపీట్‌గా లెక్కవేస్తే ఎంత పోతుందో ఊహించండి. అందుకే పేరు తెలియని వరుసలను, ట్రాన్స్‌పోజాన్ ప్రొటీన్లు తీసేసిన ఒక ప్రొటీన్ డేటాబేస్‌తో పోల్చి, గట్టి పోలిక వచ్చినవాటిని లైబ్రరీ నుంచి తప్పించాలి. విసుగు పుట్టించే పని, కానీ తప్పదు.

మీకు ప్రత్యేకంగా ఇంకొకటి. రిపీట్‌మాస్కర్‌లో 'నోలో' అనే ఆప్షన్ ఉంది. అది పెట్టకపోతే ఒకే చిన్న ముక్క వరుసగా తిరిగొచ్చే రిపీట్లు, ఒకటే రకం బేస్‌లు వరుసగా ఉన్న భాగాలు కూడా మాస్క్ అవుతాయి. గుల్ల ప్రొటీన్ల కోడింగ్ భాగం సరిగ్గా అలాగే ఉంటుంది. జన్యువులు వెతకడానికి చేసే మాస్కింగ్‌లో ఆ ఆప్షన్ పెట్టి తీరాలి. మీరు పెట్టారో లేదో లాగ్‌లో చూసుకోండి. హార్డ్‌మాస్క్ జోలికి మాత్రం పోకండి. అక్షరాలన్నీ ఎన్ అయిపోయాక ఏ ప్రోగ్రామూ ఆ ఎక్సాన్‌ను వెనక్కి తేలేదు.

మాస్కింగ్ సరిచేశాక కూడా కొన్ని ట్రాన్స్‌పోజాన్లు జన్యువుల వేషంలో మిగులుతాయి. ప్రొటీన్లలో డొమైన్లను వెతికే ఇంటర్‌ప్రోస్కాన్ నడిపి రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్, ఇంటిగ్రేజ్, ట్రాన్స్‌పోజేజ్ డొమైన్లు ఉన్నవాటిని పక్కన పెట్టండి. అలాగని కళ్లు మూసుకుని తీసేయకండి. కశేరుకాల్లోని రాగ్1 జన్యువు మూలం ఒక పాత ట్రాన్స్‌పోజాన్, ఇవాళ రోగనిరోధక వ్యవస్థకు అది లేనిదే జరగదు. టెలోమరేజ్‌లో ఉన్నది కూడా రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ డొమైనే.

బస్కో సంగతి చిన్నది. జీనోమ్ మీద 96, ప్రొటీన్ల మీద 91 అంటే అసెంబ్లీలో ఉన్న జన్యువులను ఎనోటేషన్ జారవిడిచిందని అర్థం. 46 వేలు ఉన్నా జారవిడిచింది, చూశారా! డూప్లికేట్ల విషయానికి వస్తే, ఒక్కో జన్యువుకి పొడవైన ఐసోఫామ్ (ఒకే జన్యువు నుంచి వచ్చే రూపాల్లో ఒకటి) ఒక్కటే ఇచ్చి మళ్లీ నడపండి. చాలావరకు తగ్గిపోతాయి. తగ్గకపోతే, జీనోమ్ మీద కూడా డూప్లికేట్లు ఎక్కువుంటే, రెండో హాప్లోటైప్ (క్రోమోజోమ్ జతలోని రెండో కాపీ) అసెంబ్లీలో మిగిలిపోయినట్టు. అప్పుడు ముందు పర్జ్-డూప్స్‌తో అసెంబ్లీని బాగుచేయాలి. మెటాజోవా ఓడీబీ10 సెట్‌లో ఉన్నవి 954 జన్యువులే అన్నది మరవకండి. అవి అన్ని జంతువుల్లోనూ నిలకడగా ఉండే, సులభంగా దొరికే జన్యువులు. అవన్నీ దొరికాయంటే మీ గుల్ల జన్యువులు దొరికాయని కాదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన పని, చాలామంది దాటేసేది: కళ్లతో చూడటం. జీనోమ్‌ను తెరపై చూపే ఐజీవీలోనో అపోలోలోనో అసెంబ్లీ తెరిచి, రీడ్లు, ఐసో-సెక్, మినీప్రొట్‌తో అతికించిన పోమేసియా ప్రొటీన్లు, రిపీట్లు అన్నీ ఒకదాని కింద ఒకటి పెట్టండి. యాదృచ్ఛికంగా ఓ వంద మోడళ్లు తీసి ఒక్కొక్కటీ చూసి రాసుకోండి: సరైనది, రెండు కలిసిపోయింది, ఒకటి రెండుగా విరిగింది, ట్రాన్స్‌పోజాన్, ఆధారం లేనిది. మీ 46 వేలలో ఏ జబ్బు ఎంత ఉందో అప్పుడు తెలుస్తుంది. ఏ వడపోత ఎంత గట్టిగా పెట్టాలో దాన్నిబట్టి నిర్ణయించుకోవచ్చు.

కలిసిపోయినవాటిని పట్టుకోవడం తేలికే. ప్రొటీన్ ముందు సగం ఒక పోమేసియా ప్రొటీన్‌కీ, వెనక సగం ఇంకో దానికీ అతుకుతుంది. విరిగినవి దీనికి తిరగబడి ఉంటాయి: ఒకే స్ట్రాండ్ మీద పక్కపక్కనున్న రెండు మోడళ్లు ఒకే ప్రొటీన్‌లోని వేర్వేరు భాగాలకు అతుకుతాయి. వరుసగా డూప్లికేట్ అయిన జన్యువులున్న చోట, అంటే పీ450లు, సీ-టైప్ లెక్టిన్ల వంటి చోట్ల, ఈ రెండు జబ్బులూ ఎక్కువ. శరీర భాగాల క్రమాన్ని నిర్ణయించే హాక్స్ జన్యువులను కూడా తప్పకుండా చేత్తో చూడండి. మొలస్కాలలో మామూలుగా 11 ఉంటాయి. లాటియా జైగాంటియా అనే సముద్రపు నత్తలో అవన్నీ ఒకే గుంపుగా ఉన్నాయి. మీ దగ్గర 9 ఉంటే, నత్త రెండు పోగొట్టుకుందని రాసే ముందు ఆ రెండు చోట్లా జీనోమ్‌ను స్వయంగా వెతకండి. మీకు పిండదశ ఆర్‌ఎన్‌ఏ లేదు కాబట్టి అవి జారిపోయే అవకాశం చాలా ఎక్కువ.

నులిపురుగు:

కాపరి గారు చెప్పినదాంట్లో ఒక్క చోట నాకు భిన్నాభిప్రాయం ఉంది. ఆధారం లేనిదంతా ఊహే అంటే ఎలా? ఈయన దగ్గర ఉన్నవి మూడు కణజాలాలు. వృషణాల్లో, మెదడులో, పిండంలో మాత్రమే వ్యక్తమయ్యే జన్యువులకు ఆర్‌ఎన్‌ఏ ఆధారం ఎక్కడి నుంచి వస్తుంది? దగ్గరి జాతిలో కూడా లేని కొత్త జన్యువైతే ప్రొటీన్ ఆధారమూ ఉండదు. అలాంటివి తీసేయకుండా, గుర్తు పెట్టి విడిగా ఉంచడం మేలు.

కలిసిపోయిన మోడళ్ల గురించి మా పురుగుల వైపు నుంచి ఒక మాట. సీ. ఎలిగాన్స్ అనే నులిపురుగులో దాదాపు 70 శాతం జన్యువుల ఎంఆర్‌ఎన్‌ఏ ముందు భాగానికి 22 బేస్‌ల చిన్న వరుస వేరే చోటి నుంచి వచ్చి అతుకుతుంది. కొన్ని జన్యువులు ఒకే ఆపరాన్‌లో (కలిసి ఒకే ఆర్‌ఎన్‌ఏగా చదివే గుంపులో) వరుసగా ఉంటాయి, మధ్యలో ఖాళీ వంద బేస్‌లకు అటూ ఇటూ. ప్రోగ్రామ్‌లు వాటిని ఒకే జన్యువుగా కలిపేస్తాయి. రీడ్ల మొదట్లో ఆ చిన్న వరుస కనిపిస్తే చాలు, కొత్త జన్యువు ఎక్కడ మొదలైందో తెలిసిపోతుంది. చదును పురుగులు (ఫ్లాట్‌వార్మ్‌లు), హైడ్రా, సముద్రపు ట్యూనికేట్లలో కూడా ఈ ఏర్పాటు ఉంది. కొత్త జంతువు చేతికొచ్చినప్పుడు పూర్తి పొడవు రీడ్ల మొదట్లో జీనోమ్‌కి అతకని ఉమ్మడి వరుస ఏదైనా ఉందేమో చూడటం నాకు అలవాటు. అరగంట పని.

ఈగల గది:

ఒకే ఎక్సాన్ మోడళ్లు మూడోవంతు అన్నారు కదా, వాటిలో బ్యాక్టీరియావి ఎన్నో చూశారా? బ్యాక్టీరియా జన్యువుల్లో ఇలాంటి ఇంట్రాన్లు ఉండవు కాబట్టి అవి వచ్చి చేరేది ఈ గుంపులోనే. 2015లో హిప్సిబియస్ అనే టార్డిగ్రేడ్ జన్యువుల్లో దాదాపు ఆరోవంతు ఇతర జీవుల నుంచి వచ్చాయని ఒక బృందం ప్రకటించింది. కొద్ది నెలలకే, 2016లో, అదే జాతిని విడిగా సీక్వెన్స్ చేసిన మరో బృందం వాటిలో ఎక్కువ భాగం నమూనాలో కలిసిన బ్యాక్టీరియావేనని చూపించింది. ఇలాంటి కలుషితాలను పట్టే బ్లాబ్‌టూల్‌కిట్‌లో జీసీ శాతం (జీ, సీ బేస్‌ల వాటా), కవరేజీ (ఒక్కో చోట ఎన్ని రీడ్లు) చూడండి. అనుమానం ఉన్న మోడల్‌కి అటూ ఇటూ నత్త జన్యువులే, ఇంట్రాన్లతో సహా, ఉన్నాయా? ఉంటే ఆలోచించాలి. ఆ స్కాఫోల్డ్ (అసెంబ్లీలోని ఆ ముక్క) అంతా ఇంట్రాన్లు లేనివే అయితే ఇక ఆలోచించేదేమీ లేదు.

అలాగే రీడ్లను జీనోమ్‌కి అతికించే ప్రోగ్రామ్‌ల్లో ఉండే ఇంట్రాన్ పొడవు హద్దు. మామూలుగా మినీమ్యాప్2 స్ప్లైస్ పద్ధతిలో అది 2 లక్షల బేస్‌లు, హైశాట్2లో 5 లక్షలు. డ్రసోఫిలా వై క్రోమోజోమ్ మీది కొన్ని జన్యువుల్లో ఇంట్రాన్లు పది లక్షల బేస్‌లు దాటుతాయి. మీ నత్తకి ఇంత అవసరం ఉండకపోవచ్చు, అయినా విరిగిన మోడళ్లు ఎక్కువగా ఉంటే ఆ హద్దు పెంచి చూడండి.

శంబూకం:

అందరికీ చాలా కృతజ్ఞతలు. లాగ్ చూశాను, 'నోలో' పెట్టలేదు. మళ్లీ మాస్క్ చేసి నడుపుతున్నాను. ఆగస్టస్ కలపకుండా చూస్తే బ్రేకర్3 సొంత ఫలితం 27 వేల దగ్గర ఉంది.

కాపరి గారూ, మోడళ్లు చూడటం మొదలుపెట్టాను. ఇంకో రెండు అనుమానాలు. కొన్ని చోట్ల మంచి పోలిక ఉన్న జన్యువు మధ్యలో స్టాప్ కోడాన్ (ప్రొటీన్ ఇక్కడ ఆగాలని చెప్పేది) గానీ ఫ్రేమ్ (బేస్‌లను మూడేసిగా చదివే వరుస) తప్పడం గానీ కనిపిస్తోంది. సీక్వెన్సింగ్ తప్పు అనుకుని ఆ బేస్ సరిదిద్దేయవచ్చా? రెండోది, పేర్లు. పోలికలను బట్టి పేర్లు సూచించే ఎగ్‌నాగ్-మ్యాపర్ ఇచ్చిన పేర్లు అలాగే పెట్టేయనా?

ఎక్సాన్ కాపరి:

ముందుగా, నులిపురుగు గారి మాట ఒప్పుకుంటున్నాను. మూడు కణజాలాలతో "లేదు" అని తీర్పు చెప్పలేం. రెండు జాబితాలు పెట్టండి. మొదటిది ఆధారం ఉన్నవి. విశ్లేషణలన్నీ దీని మీదే. రెండోది ఆధారం దొరకని ఊహలు, విడి ఫైల్‌గా. ఎప్పుడో పిండదశ ఆర్‌ఎన్‌ఏ వస్తే రెండో దానిలోంచి కొన్ని పైకి వస్తాయి. జన్యువుల చోట్లు రాసే జీఎఫ్ఎఫ్3 ఫైల్‌లో ప్రతి మోడల్ పక్కన ఏ ఆధారం ఉందో రాసి పెట్టండి. మీ ఫైల్ తీసుకుని పనిచేసే తర్వాతి మనిషికి అదే దిక్కు.

బేస్‌ను మాత్రం సరిదిద్దకండి! ముందు ముడి రీడ్లు చూడండి. హైఫై రీడ్లన్నీ అదే చెబుతుంటే అది నత్తలో ఉన్న నిజం. లిమ్నియా స్టాగ్నాలిస్ నత్తలో గుల్ల కుడివైపు తిరుగుతుందా ఎడమవైపా అన్నది ఫార్మిన్ కుటుంబానికి చెందిన ఒక జన్యువు మీద ఆధారపడి ఉంటుందని 2016లో బయటపడింది. ఎడమవైపు తిరిగే నత్తల్లో ఆ జన్యువులో ఒక్క బేస్ లేదు, అంతే, ఫ్రేమ్ తప్పింది. పక్కనే దాదాపు అలాంటిదే ఇంకో కాపీ ఉంది. ఎవరైనా సీక్వెన్సింగ్ లోపమనుకుని ఆ బేస్ "సరిచేసి" ఉంటే, లేదా రెండు కాపీలనూ ఒకటిగా కలిపేసి ఉంటే, ఆ జీనోమ్‌లో ఆ సంగతి కనబడేదే కాదు. గుల్ల మీద పనిచేస్తున్నవారు కాబట్టి ఇది మీకు మరీ దగ్గరి విషయం.

మధ్యలో వచ్చిన స్టాప్ టీజీఏ అయితే సెలీనోప్రొటీన్ అవునేమో చూడండి. ఆ ప్రొటీన్లలో టీజీఏ దగ్గర ఆగకుండా సెలీనోసిస్టీన్ చేరుతుంది. ఎంఆర్‌ఎన్‌ఏ చివరి భాగంలో సెసిస్ అనే మడత దాన్ని నడిపిస్తుంది. మనుషుల్లో ఇలాంటి జన్యువులు 25. మామూలు ప్రోగ్రామ్‌లకు ఇది తెలియదు, అక్కడే కత్తిరించేస్తాయి, లేకపోతే ఆ ఎక్సాన్‌నే తప్పించి ఎటో ఇంట్రాన్ పెడతాయి. మొలస్కాలలో ఇది ఇంకా తీవ్రం: పసిఫిక్ ఆల్చిప్ప సెలీనోప్రొటీన్ పీ జన్యువులో ఇలాంటి టీజీఏలు 46 ఉన్నాయి. మామూలు ప్రోగ్రామ్‌లు దాన్ని వాటంతటవి సరిగ్గా గీయలేవు, మీరే గీయాలి. జెన్‌బ్యాంక్‌కి పంపేటప్పుడు ఆ కోడాన్లను మినహాయింపుగా చూపించే పద్ధతి ఉంది. చూపించకపోతే మధ్యలో స్టాప్ ఉందని ఎర్రర్ వస్తుంది.

రీడ్లలో కొన్ని ఒకలా, కొన్ని ఇంకోలా ఉంటే అది రెండు హాప్లోటైప్‌ల తేడా. జన్యువును ఉంచి, ఆ విషయం గమనికలో రాయండి.

పేర్ల దగ్గర పిసినారిగా ఉండండి. మనిషి నాచ్1 ప్రొటీన్‌లో ఈజీఎఫ్ రిపీట్లు 36 ఉన్నాయి. కాబట్టి ఈజీఎఫ్ డొమైన్ ఉన్న ఏ నత్త ప్రొటీన్ అయినా వెతుకులాటలో నాచ్‌కి అతుకుతుంది. దానికి నాచ్ అని పేరు పెట్టేస్తే, రేపు ఇంకొకరు మీ జీనోమ్‌తో పోల్చి తమ జంతువులోనూ నాచ్ అని రాస్తారు. ఆ తప్పు ఇక ఆగదు. ఆర్థోలాగ్ (ఉమ్మడి పూర్వీకుడి నుంచి వచ్చిన అదే జన్యువు) అని వంశవృక్షం గీసి తేలినప్పుడే జన్యువు పేరు పెట్టండి. డొమైన్ మాత్రమే తెలిస్తే "ఈజీఎఫ్ డొమైన్ ఉన్న ప్రొటీన్" అనండి. ఏమీ తెలియకపోతే "గుర్తు తెలియని ప్రొటీన్" అనడంలో తప్పేమీ లేదు. మీ గుల్ల ప్రొటీన్లు చాలావరకు ఈ చివరి గుంపులోనే ఉంటాయి. గుల్లను కరిగించి మాస్ స్పెక్ట్రోమెట్రీ చేయించగలిగితే ఆ పెప్టైడ్లు నేరుగా మీ మోడళ్లకు అతుకుతాయి, అంతకు మించిన ఆధారం ఇంకేదీ ఉండదు. అయితే వెతికేటప్పుడు మొదటి జాబితాతోపాటు రెండో జాబితా ప్రొటీన్లను కూడా డేటాబేస్‌లో పెట్టండి.

ఐడీల గురించి ఒక్క మాట చెప్పి ఆపేస్తాను. రెండు మోడళ్లను కలిపినా, ఒకదాన్ని విడగొట్టినా పాత ఐడీని మళ్లీ వాడకండి. కొత్త ఐడీ ఇచ్చి, పాతది దేనిలోకి వెళ్లిందో ఒక పట్టికలో రాయండి. ఎనోటేషన్‌కి అసెంబ్లీతో సంబంధం లేని సొంత వెర్షన్ సంఖ్య పెట్టండి, ఎందుకంటే అసెంబ్లీ మారకుండానే ఎనోటేషన్ చాలాసార్లు మారుతుంది.